ఆరిపోయిన నక్షత్రానికి గ్రహాలెలా వచ్చాయి?

సౌరకుటుంబం బయట తొలి గ్రహాన్ని ఏ సంవత్సరంలో కనుగొన్నారని పోటీ పరీక్షలకు చదివే పిల్లల్ని అడిగితే, నల్లగొండలో అయినా మహబూబ్‌నగర్‌లో అయినా ఎక్కువమంది తడుముకోకుండా 1995 అంటారు. ఆ ఏడాది మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ అనే స్విస్ శాస్త్రవేత్తలు 51 పెగసీ అనే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని పట్టుకున్నారు. 2019 నోబెల్ బహుమతిలో వాళ్లకు వాటా దక్కింది కూడా. సూర్యుడిలాంటి నక్షత్రాల వరకే అయితే ఆ జవాబు సరైనదే. అసలు తొలి గ్రహాల సంగతి మాత్రం అంతకు మూడేళ్ల ముందే, 1992 జనవరిలోనే ప్రపంచానికి తెలిసింది. ఒకటి కాదు, రెండు గ్రహాలు. అవి తిరుగుతున్నది వెలిగే నక్షత్రం చుట్టూ కాదు, పేలిపోయి మిగిలిన ఒక చిన్న గోళం చుట్టూ. బోధనలో ఈ 1992 దాదాపు కనుమరుగైపోవడం నాకు బాధగానే ఉంటుంది. ఎందుకంటే గ్రహాలు ఎలా పుడతాయన్న విషయంలో 51 పెగసీ చెప్పలేని కొన్ని సంగతులు ఈ వింత గ్రహాలే చెప్పగలవు.

ఆ గోళం పేరు పీఎస్ఆర్ బీ1257+12. కన్యారాశి దిక్కున, మనకు సుమారు 2,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మే మొదటి వారంలో రాత్రి పది గంటల ప్రాంతంలో దేవరకొండలోనో అచ్చంపేటలోనో డాబా మీద పడుకుని చూస్తే, చిత్త నక్షత్రానికి బాగా ఉత్తరంగా, దాదాపు నడినెత్తిన ఉంటుంది. కంటికి కనబడదు. మామూలు టెలిస్కోపుకు కూడా దొరకదు. ఇబ్రహీంపట్నం అవతల సాగర్ రోడ్డు వైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు 1968లో నెలకొల్పిన జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో 48 అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు ఉంది. దానికీ ఇది అందదు. దీన్ని రేడియో తరంగాల్లో వినాలి.

అదొక పల్సార్. పల్సార్ అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. సూర్యుడికి ఎనిమిది రెట్లకు పైగా ద్రవ్యరాశి ఉన్న నక్షత్రంలో ఇంధనం అయిపోగానే దాని నడుమ భాగం తన బరువుకు తానే కుప్పకూలుతుంది. పైపొరలు సూపర్‌నోవాగా పేలిపోతాయి. మిగిలిన గుండెకాయలో ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు కలిసిపోయి ఎక్కువభాగం న్యూట్రాన్లే ఉంటాయి. దాన్నే న్యూట్రాన్ నక్షత్రం అంటారు. దాదాపు ఒకటిన్నర సూర్యుళ్ల బరువు ఉంటుంది గానీ, వ్యాసం ఇరవై కిలోమీటర్లే. నల్లగొండలో బస్సెక్కితే నార్కట్‌పల్లి వచ్చేలోపు ఈ కొస నుంచి ఆ కొసకు దాటేయొచ్చు. దాంట్లో ఒక చెంచా పదార్థం వందల కోట్ల టన్నులు తూగుతుంది. ఇంత చిన్నగా కుదించుకుపోవడం వల్ల అది విపరీతమైన వేగంతో తిరుగుతుంది. దాని అయస్కాంత ధ్రువాల నుంచి రేడియో తరంగాలు రెండు కిరణాలుగా బయటికి వస్తాయి. తిరిగే కిరణం మనవైపు వచ్చినప్పుడల్లా ఇక్కడ ఒక తాకిడి (పల్స్) నమోదవుతుంది. ఇలా తాకిళ్లు పంపే న్యూట్రాన్ నక్షత్రమే పల్సార్. 1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థినిగా ఉన్న జోసెలిన్ బెల్ తొలిసారి ఇలాంటి తాకిళ్లను గుర్తించారు. అవి 1.337 సెకన్లకు ఒకటి చొప్పున వచ్చేవి.

మన కన్యారాశి పల్సార్ ఇంకా చాలా వేగమైనది. ఒక చుట్టుకు 6.2 మిల్లీసెకన్లే. అంటే సెకనుకు 160 చుట్లు, రోజుకు దాదాపు కోటీ 39 లక్షల చుట్లు. ఈ జాతిని మిల్లీసెకను పల్సార్లు అంటారు. వీటి విశేషం వేగం కాదు, క్రమం. ఏళ్ల తరబడి లెక్కపెట్టినా వందల కోట్ల చుట్లలో ఒక్కటి కూడా జారిపోకుండా, వచ్చే తాకిడి ఏ క్షణాన వస్తుందో మైక్రోసెకన్లలో చెప్పొచ్చు. ప్రకృతిలో ఇంత మంచి గడియారం దొరకడం అదృష్టమనే చెప్పాలి.

ఇక గ్రహం సంగతి. గ్రహం నక్షత్రం చుట్టూ తిరుగుతుందని మాట వరసకు అంటాం గానీ, నిజానికి రెండూ వాటి ఉమ్మడి భారకేంద్రం చుట్టూ తిరుగుతాయి. నక్షత్రం బరువెక్కువ కాబట్టి అది కొంచెమే కదులుతుంది. పల్సార్ అలా మననుంచి కాస్త వెనక్కి జరిగినప్పుడు దాని తాకిళ్లు కాస్త ఆలస్యంగా చేరతాయి. ముందుకు జరిగినప్పుడు కాస్త తొందరగా చేరతాయి. ఈ తొందర, ఆలస్యం ఒక పద్ధతిలో మళ్లీ మళ్లీ వస్తుంటే అక్కడ ఏదో తిరుగుతోందన్నమాట. నల్లగొండ పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. గర్భగుడిలో పగలంతా కదలకుండా పడే నీడే కళ్లకు కనబడుతుంది. వెలుతురు ఏ దారిన వస్తోంది, ఏ స్తంభం దాన్ని ఎక్కడ అడ్డుకుంటోంది అన్నది ఆ నీడను బట్టి లెక్క కట్టుకోవాలి. ఇక్కడా గ్రహాన్ని ఎవరూ చూడలేదు. దాని ఫలితాన్ని మాత్రమే కొలిచారు.

ఎంత కొలిచారో చూడండి. బీ1257+12 చుట్టూ ఉన్న రెండు పెద్ద గ్రహాలూ ఒక్కొక్కటి ఆ తాకిళ్లను మిల్లీసెకనున్నర లోపే ముందుకూ వెనక్కీ జరుపుతాయి. మొదటిదాని వల్ల వచ్చే తేడా 1.3 మిల్లీసెకన్లు. కాంతి మిల్లీసెకనులో 300 కిలోమీటర్లు పోతుంది కాబట్టి, ఆ గ్రహం వల్ల పల్సార్ మన చూపు దిశలో అటూ ఇటూ 390 కిలోమీటర్లు ఊగుతోందని అర్థం. మహబూబ్‌నగర్‌కు బెంగళూరు ఇంతకన్నా దూరం. ఆ ఊగడం కూడా 66 రోజుల్లో ఒకసారి. వేగం లెక్కగడితే సెకనుకు అర మీటరు కూడా లేదు, మనిషి నడక కన్నా తక్కువ. 51 పెగసీ ఊగే వేగం సెకనుకు 50 మీటర్ల పైన ఉంటుంది. వెలిగే నక్షత్రాల విషయంలో ఆ కాలపు పరికరాలకు అర మీటరు వేగం పట్టుకోవడం కుదిరే పని కాదు. 1994లో బయటపడ్డ మూడో గ్రహం ఇంకా చిన్నది, మన చంద్రుడికి రెండింతల లోపు బరువు. దాని వల్ల వచ్చే తేడా మూడు మైక్రోసెకన్లు. అంటే 2,300 కాంతి సంవత్సరాల అవతల ఒక నక్షత్రం కిలోమీటరు కన్నా తక్కువ ఊగితే, దాన్ని ఇక్కడ కూర్చుని కొలిచారు. ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నా నాకు ఆశ్చర్యం తగ్గదు.

అయితే అసలు కష్టం అక్కడి కదలికలో లేదు, మన కదలికలో ఉంది. కొలిచే టెలిస్కోపు భూమి మీద ఉంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. సూర్యుడి నుంచి భూమికి కాంతి రావడానికి 8 నిమిషాల 19 సెకన్లు పడుతుంది. కాబట్టి ఏడాదిలో ఒకప్పుడు తాకిళ్లు ఎనిమిది నిమిషాల దాకా ముందు, ఆరు నెలలకు అంతే ఆలస్యంగా వస్తాయి. వెతుకుతున్న తేడా కన్నా ఇది మూడున్నర లక్షల రెట్లకు పైగా పెద్దది. అదొక్కటే కాదు. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఇంకో 20 మిల్లీసెకన్ల దాకా తేడా. గురుడు, శని లాగడం వల్ల సూర్యుడే స్థిరంగా ఉండడు, దానివల్ల రెండు సెకన్ల పైన. భూమి జనవరిలో సూర్యుడికి దగ్గరగా, జులైలో దూరంగా ఉంటుంది కాబట్టి, ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం మన గడియారాల నడకే ఏడాది పొడుగునా 1.6 మిల్లీసెకన్లు అటూ ఇటూ అవుతుంది. ఈ చివరిది ఒక్కటి మరిచిపోయినా చాలు, గ్రహం వల్ల వచ్చే 1.3 మిల్లీసెకన్లకు మించిన పొరపాటు దొర్లుతుంది. ఇవన్నీ ఒక్కొక్కటిగా తీసేసి, సౌరకుటుంబం భారకేంద్రం దగ్గర కూర్చుని వింటే తాకిళ్లు ఎప్పుడు వచ్చేవో లెక్కకట్టాలి. ఆ తర్వాత మిగిలిందే అక్కడి సంగతి.

భూమి కదలికను లెక్కలోంచి తీసేయడంలో తప్పు జరిగితే ఏమవుతుందో 1991లో అందరూ చూశారు. ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ రేడియో అబ్జర్వేటరీకి చెందిన ఆండ్రూ లైన్, మాథ్యూ బెయిల్స్, సెట్నమ్ షెమర్ మరో పల్సార్ చుట్టూ గ్రహం దొరికిందని ఆ ఏడాది జులైలో నేచర్ పత్రికలో ప్రకటించారు. దాని కక్ష్యాకాలం ఆరు నెలలు. మన ఏడాదిలో సరిగ్గా సగం. ఆ సంఖ్య చూస్తేనే అనుమానం రావాలి, చాలామందికి వచ్చింది కూడా. తిరిగి లెక్కలు వేసుకుంటే, పల్సార్ ఆకాశంలో ఉన్న చోటును కాస్త తప్పుగా తీసుకున్నారనీ, భూకక్ష్య నిండు వృత్తం కాదన్న సంగతి లెక్కలో సరిగా పడలేదనీ తేలింది. వాళ్లు కనుగొన్నది వేరే నక్షత్రం చుట్టూ ఉన్న గ్రహాన్ని కాదు, మన భూమినే. 1992 జనవరిలో అట్లాంటాలో జరిగిన అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో లైన్ వేదికెక్కి తమ తప్పును వివరంగా చెప్పి, గ్రహం లేదని ప్రకటించారు. హాలంతా చప్పట్లతో మార్మోగింది. సైన్స్ చరిత్రలో పిల్లలకు చెప్పదగ్గ సన్నివేశాల్లో నా లెక్కన ఇది ముందు వరుసలో ఉంటుంది.

ఆ వెంటనే మాట్లాడాల్సిన మనిషి అలెగ్జాండర్ వోల్ష్‌చాన్. పోలండ్‌కు చెందిన ఈ శాస్త్రవేత్త 1990లో ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపుతో బీ1257+12ను కనుగొన్నారు. 305 మీటర్ల ఆ డిష్ అప్పట్లో మరమ్మతుల్లో ఉండి, కావలసినవైపు గురిపెట్టే వీల్లేని స్థితిలో ఉండేది. అందువల్ల మామూలుగా దొరకనంత సమయం ఆయనకు దొరికింది. నెత్తిమీదుగా పోయే ఆకాశాన్నే వింటూ పల్సార్లు వెతికారు. దొరికిన పల్సార్ తాకిళ్లు ఏ లెక్కకూ లొంగలేదు. అందరిలాగే ఆయనకూ అనుమానమే. డేల్ ఫ్రెయిల్ అనే మరో శాస్త్రవేత్త న్యూమెక్సికోలోని రేడియో డిష్‌ల వరుసతో ఆ పల్సార్ స్థానాన్ని విడిగా, చాలా కచ్చితంగా కొలిచి ఇచ్చారు. అవతలి జట్టు ఎక్కడైతే జారిపడిందో సరిగ్గా ఆ మెట్టునే ముందుగా గట్టిచేసుకున్నారన్నమాట. అయినా రెండు గ్రహాలూ లెక్కలోంచి చెరిగిపోలేదు. ఒకటి 66.5 రోజులకు, ఇంకొకటి 98.2 రోజులకు ఒక చుట్టు. రెండూ భూమికి నాలుగింతల బరువు అటూ ఇటూ.

ఇంత జరిగినా నమ్మనివాళ్లు ఉన్నారు. వాళ్లనూ ఒప్పించింది ఆ 66.5, 98.2 సంఖ్యలే. బయటిది రెండు చుట్లు తిరిగేలోపు లోపలిది దాదాపు మూడు చుట్లు తిరుగుతుంది. అంటే రెండూ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒకదాన్నొకటి దాదాపు అవే చోట్ల లాగుతుంటాయి. చిన్నచిన్న లాగుడులు ఒకదానిమీద ఒకటి చేరి, కొన్నేళ్లకు కక్ష్యలు కొద్దిగా మారాలి. అవి నిజంగా గ్రహాలైతే ఆ మార్పు ఎంత ఉండాలో సిద్ధాంతకర్తలు ముందే లెక్కగట్టారు. 1994లో వోల్ష్‌చాన్ సరిగ్గా ఆ మార్పునే కొలిచి చూపించారు. పల్సార్‌లోనే ఏదో లోపం ఉంటే అది రెండు గ్రహాల పరస్పర ఆకర్షణను నటించలేదు. నన్నడిగితే గ్రహాల ఉనికికి దీన్ని మించిన రుజువు అక్కర్లేదు.

సూపర్‌నోవా గురించి పాఠం విన్న ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా ఇక్కడ ఒక ప్రశ్న వేస్తాడు: "సార్, నక్షత్రమే పేలిపోతే చుట్టూ ఉన్న గ్రహాలెట్ల మిగులుతయి?" మంచి ప్రశ్న. సూటి జవాబు, మిగలవు. పేలుడు వేడికి కాలిపోవడం ఒక్కటే కాదు కారణం. ఒక వ్యవస్థ తన ద్రవ్యరాశిలో సగానికి మించి ఒక్కసారిగా పోగొట్టుకుంటే, గుండ్రటి కక్ష్యలో తిరిగే గ్రహాన్ని పట్టి ఉంచే ఆకర్షణ చాలదు. గ్రహం ఎటో వెళ్లిపోతుంది. ఎనిమిది సూర్యుళ్ల పైబడ్డ నక్షత్రం పేలి ఒకటిన్నర సూర్యుళ్లంత మిగిలితే, సగం ఏమిటి, నాలుగింట మూడొంతుల పైనే పోయినట్టు. పైగా పేలుడు అన్నివైపులా సమానంగా ఉండదు, కాబట్టి న్యూట్రాన్ నక్షత్రానికి సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో ఒక తోపు పడుతుంది. పాత గ్రహాలకు అక్కడ చోటు లేదు.

కాబట్టి ఇప్పుడున్నవి పేలుడు తర్వాత పుట్టినవే అయ్యుండాలి. దేని నుంచి? మిల్లీసెకను పల్సార్లకు ఆ వేగం పుట్టుకతో రాదు. పక్కనున్న జంట నక్షత్రం నుంచి పదార్థం వచ్చి పడుతుంటే, ఆ ఊపుతో ముసలి పల్సార్ మళ్లీ వేగం పుంజుకుంటుంది. బీ1257+12 పక్కన ఇప్పుడు జంట నక్షత్రం లేదు. అది చిరిగి చెదిరి, పల్సార్ చుట్టూ పళ్లెం ఆకారంలో పరుచుకుని, అందులోంచి గ్రహాలు గడ్డకట్టాయన్నది ఎక్కువమంది మొగ్గే వివరణ. ఇంకో మార్గం కూడా ఉంది. పేలుడులో బయటికి విసిరేసిన పదార్థంలో కొంత వెనక్కి పడి పళ్లెంలా చేరవచ్చు. ఇది ఊహ మాత్రమే కాదు. 2006లో స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు 4యూ 0142+61 అనే కుర్ర న్యూట్రాన్ నక్షత్రం చుట్టూ అలాంటి ధూళి పళ్లెం వేడిని పరారుణ కిరణాల్లో చూసింది. పళ్లెం ఎలా వచ్చినా, మూడు గ్రహాలూ దాదాపు గుండ్రటి కక్ష్యల్లో, పెద్దవి రెండూ ఇంచుమించు ఒకే తలంలో ఉండటం మన సౌరకుటుంబాన్ని తలపిస్తుంది. కుర్ర సూర్యుడి చుట్టూ పనిచేసిన పద్ధతే చచ్చిన నక్షత్రం చుట్టూ కూడా పనిచేసింది. ఈ సంగతి చెప్పడం వల్లే 1992 నాకు ముఖ్యం.

పల్సార్ల దగ్గర గ్రహాలుగా చెప్పుకునేవన్నీ ఇలాగే పుట్టాయనుకోవద్దు. వృశ్చికరాశిలో జ్యేష్ఠ పక్కనే చిన్న బైనాక్యులర్‌కు మసకగా కనబడే ఎం4 అనే గోళాకార నక్షత్ర గుచ్ఛం ఉంది. అందులో ఒక పల్సార్, దానికి జంటగా ఒక శ్వేత కుబ్జం (సూర్యుడిలాంటి నక్షత్రం ఇంధనం అయిపోయాక మిగిలే చిన్న, గట్టి గోళం), ఆ రెండింటి చుట్టూ చాలా దూరాన దాదాపు రెండున్నర గురుగ్రహాల బరువున్న గ్రహం ఉన్నాయి. హబుల్ టెలిస్కోపు సాయంతో 2003లో దీని లెక్క తేలింది. ఇది పల్సార్ దగ్గర పుట్టింది కాదు. కిక్కిరిసిన ఆ గుచ్ఛంలో ఒక మామూలు నక్షత్రం తన గ్రహంతో సహా పల్సార్ దగ్గరికి వచ్చి చిక్కుకుంది. గుచ్ఛం వయసును బట్టి ఆ గ్రహానికి 1,200 కోట్ల సంవత్సరాల పైనే ఉండవచ్చు. భూమి వయసు 450 కోట్లే.

ఇంకో రకం ఉంది. 2011లో ఆస్ట్రేలియా పార్క్స్ టెలిస్కోపుతో పనిచేసిన జట్టు, పీఎస్ఆర్ జే1719-1438 చుట్టూ 2 గంటల 10 నిమిషాలకే చుట్టు పూర్తిచేసే గురుగ్రహమంత బరువున్న వస్తువును కనుగొంది. ఆ జట్టు నాయకుడు, 1991 నాటి పొరపాటులో భాగస్వామి అయిన మాథ్యూ బెయిల్సే. దాని సాంద్రత నీటికి కనీసం 23 రెట్లు. అంత గట్టిదనం గ్యాసు గ్రహానికి రాదు. ఒకప్పటి శ్వేత కుబ్జాన్ని పల్సార్ ఒలిచేయగా మిగిలిన నడుమ భాగం, ఎక్కువగా కార్బన్, అది స్ఫటికంగా మారి ఉంటుందని అంచనా. పత్రికలు వజ్రాల గ్రహమని రాశాయి. నాకు మాత్రం దీన్ని గ్రహం అనబుద్ధి కాదు. బరువును బట్టి గ్రహమే, పుట్టుకను బట్టి నక్షత్రపు ముక్క. పుట్టుకే మనం తెలుసుకోవాలనుకుంటున్న సంగతి అయినప్పుడు, రెండింటినీ ఒకే జాబితాలో కలిపేస్తే లాభం లేదు.

జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఇటీవల ఈ చిక్కును ఇంకా పెంచింది. పీఎస్ఆర్ జే2322-2650 చుట్టూ 7.8 గంటలకు ఒకసారి తిరిగే, గురుగ్రహం కన్నా కాస్త తక్కువ బరువున్న వస్తువు వాతావరణాన్ని అది నేరుగా కొలిచింది. పల్సార్ కనబడే వెలుతురు దాదాపు ఇవ్వదు కాబట్టి, గ్రహం వెలుగు మాత్రమే శుభ్రంగా దొరికింది. మామూలుగా కనబడే నీటి ఆవిరి, మీథేన్ కాకుండా రెండేసి, మూడేసి కార్బన్ పరమాణువులు కలిసిన అణువులు కనిపించాయి. జంట నక్షత్రాన్ని ఒలిస్తే కార్బన్ ఒక్కటే ఇంత శుద్ధంగా మిగలదు. పళ్లెంలోంచి పుట్టినా ఇంత కార్బన్ రాకూడదు. పైన చెప్పిన మార్గాల్లో ఏదీ దీనికి అతకదు.

ఇలాంటి చోట జీవం ఉంటుందా అన్న ప్రశ్నకు ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు. పల్సార్ నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు, వేగంగా దూసుకొచ్చే కణాల ధాటి మామూలుది కాదు. ఇరవై కిలోమీటర్ల నక్షత్రం ఆ గ్రహాల ఆకాశంలో ఒక చుక్కలా ఉంటుంది తప్ప, పగలు అనేది ఉండదు.

దానికన్నా ఇవి ఎంత అరుదో గమనించాలి. జోడ్రెల్ బ్యాంక్ వాళ్లు 800 పల్సార్ల పాత రికార్డులన్నీ జల్లెడ పట్టి 2022లో ఫలితం ప్రకటించారు. బీ1257+12 దగ్గరున్నంత బరువున్న గ్రహాలు 0.5 శాతం పల్సార్లకు కూడా లేవు. మామూలు నక్షత్రాలకైతే గ్రహాలుండటమే రివాజు. పళ్లెం ఉంటే గ్రహాలు పుడతాయి, కానీ న్యూట్రాన్ నక్షత్రానికి పళ్లెం దక్కడమే గగనం అన్నది ఈ అంకెకు నేను చెప్పుకునే అర్థం.

ఈ పని మనకు దూరమేమీ కాదు. పుణె దగ్గర ఖోదడ్‌లో 45 మీటర్ల డిష్‌లు ముప్పై ఉన్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో భారత శాస్త్రవేత్తలు పల్సార్ తాకిళ్లను ఏళ్లుగా కొలుస్తున్నారు. వాళ్లలో సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. విశ్వమంతటా వ్యాపించిన గురుత్వ తరంగాల (భారీ వస్తువుల కదలిక వల్ల స్థలకాలంలో పుట్టే అలల) జాడను 2023 జూన్‌లో ప్రకటించిన జట్లలో ఈ భారత బృందం ఒకటి. ఆ కొలతలు, వాటిని విశ్లేషించే టెంపో2, పింట్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. డిగ్రీలో ఫిజిక్స్ చదివే పిల్లలు ఒక మామూలు లాప్‌టాప్‌లోనే మొదలుపెట్టొచ్చు. ముందు భూమి కదలికను సవరించకుండా తాకిళ్ల సమయాలను అలాగే గ్రాఫ్ గీయాలి. ఏడాదికొకసారి లేచి పడే పెద్ద అల తెర నిండా కనిపిస్తుంది. దాన్ని తీసేశాక పల్సార్ స్థానాన్ని కావాలనే కాస్త తప్పుగా ఇచ్చి మళ్లీ గీస్తే, 1991లో జోడ్రెల్ బ్యాంక్ జట్టును దారి తప్పించినలాంటి అల ఎలా పుట్టుకొస్తుందో వాళ్లే చూసుకోవచ్చు.